ఉక్క పేరు తెలియని రాకుమారుడు

ప్రవాళపురిలో పొద్దు వాలిందంటే ఇళ్లన్నీ ఖాళీ అయిపోయేవి. సముద్రం ఒడ్డున నెలవంకలా వంగిన సాయంవనం నిండిపోయేది. పొన్నచెట్ల కింద పగడపు రంగు రాతి అరుగులు, అరుగుల మీద చెక్కిన పులిజూదం గళ్లు, పొగడచెట్ల మధ్య గొలుసు ఉయ్యాలలు, చేప నోట్లోంచి నీళ్లు చిమ్మే పాలరాతి కొలను. రాలిన పొగడపూలను ఏరి, దారం దొరక్క గడ్డిపోచకు గుచ్చుకునే ఆడపిల్లలు. వీళ్లందరి మధ్య నుంచీ సముద్రపు గాలి, పెళ్లిపందిట్లో గంధం పూసే పెద్దముత్తయిదువలా, ఒక్కరినీ మరిచిపోకుండా పలకరించి పోయేది.

ఇప్పుడు ఆ వనంలో ఆకు కదలడం లేదు. చైత్రం వెళ్లిన నాటి నుంచి గాలి రావడం మానేసింది. అరుగుల మీద ఉడతలు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు.

అలాంటి వనంలోకి జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం ఒక కూలివాడు వట్టివేళ్ల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మోకాళ్ల పైకి కట్టిన ముతక పంచె, తలకు గుడ్డ, భుజాన తాళ్లచుట్ట. చూసినవాళ్లెవరూ అతన్ని శోణగిరి రాకుమారుడు శరభుడని అనుకోరు. సముద్రం మధ్య రాతిగుట్ట మీద గండభేరుండం గూట్లో చిక్కిన ప్రవాళపురి రాకుమారి లవంగికను విడిపించినవాడు, ఆ గుట్ట మీదే, నీటికాకులు తప్ప సాక్షులు లేకుండా, ఆమెతో దండలు మార్చుకున్నవాడు అతనే.

ఆ పెళ్లి సంగతి తెలిసినప్పుడు లవంగిక తండ్రి తరంగపాల మహారాజు కత్తి దూయలేదు, కేకలు వేయలేదు. అల్లుడనే మాట మాత్రం నోట రానివ్వలేదు. తాంబూలం నములుతూ చాలాసేపు ఆలోచించి, ఒక్క షరతు పెట్టాడు.

"సాయంవనంలో ఉక్క పోగొట్టు. వచ్చే పున్నమినాడు పొద్దు వాలిన దగ్గర్నుంచి దీపాల భేరి మోగేదాకా, ఉక్కకు ఓర్వలేక ఒక్కరు కూడా లేవకూడదు. అప్పుడు నిన్ను అల్లుడంటాను. లేదంటే నువ్వు మీ కొండలకు, నా కూతురు నా కోటకు."

పని చేసేది రాకుమారుడని ఎవరికీ తెలియకూడదని కూడా అన్నాడు. తెలిస్తే జనం మొహమాటానికి కూర్చుంటారని ఆయన భయం. ఆ వనం మీద రాజుకు అంత బెంగ ఉండడానికి కారణముంది. ప్రవాళపురిలో ఒక పాత కట్టడి ఉంది. సాయంవనం రాజుది కాదు, సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్లది. కూర్చునేవాళ్లే లేకపోతే దానికి యజమాని లేనట్టే, ఎవడైనా వచ్చి ఆక్రమించుకోవచ్చు. స్తంభకేశి అనే మాంత్రికుడు ఒకప్పుడు తన క్షుద్రహోమాలకు ఆ వనాన్ని ఇమ్మని అడిగి లేదనిపించుకుని వెళ్లాడు. వాడి మాట రాజు మరిచిపోలేదు.

శరభుడు షరతుకు తల ఊపాడు. ఊపిన తరువాత, ఉక్క అంటే ఏమిటో తనకు తెలియదని గుర్తొచ్చింది.

శోణగిరి ఎర్రటి రాతికొండల దేశం. అక్కడ ఎండ ఉంది, సెగ ఉంది, కాక ఉంది, వడగాలి ఉంది. రాళ్లు పగిలే ఎండకు ఒక పేరు, పిట్టలు నోరు తెరిచే ఎండకు ఇంకో పేరు ఉన్నాయి. ఉక్క మాత్రం లేదు. సముద్రం వాళ్లు ఎండను అలా అంటారు కాబోలు అనుకున్నాడు. అడిగితే తీరిపోయేది. కానీ పెళ్లయి నెల తిరగనివాడు మామగారి ఎదుట నిలబడి ఒక మాటకు అర్థం అడుగుతాడా? మామగారి ఎదుట అడగనివాడు పెళ్లాన్ని మాత్రం అడుగుతాడా?

అందుకని తన దేశంలో ఎండకు ఏం చేస్తారో అదే చేశాడు. సముద్రం వైపునా పడమటి వైపునా వట్టివేళ్ల తడికలు కట్టాడు. తడికకూ తడికకూ మధ్య సందు లేకుండా తాటాకు కుట్టాడు, ఎందుకంటే శోణగిరిలో గాలి శత్రువు, అది వస్తే ఒళ్లు కాలుతుంది. అరుగుల పైన దట్టంగా కొబ్బరాకు పందిరి వేశాడు. తడికల మీద, నేల మీద, పందిరి మీద నీళ్లు చల్లాడు. వట్టివేళ్ల వాసనకు అతనికి ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

లవంగిక ఇదంతా చూస్తూనే ఉంది. తండ్రి ఆమెను అంతఃపురం దాటవద్దన్నాడు కానీ, దాసీ చీర కట్టుకుని, చెవులకు తాటాకు కమ్మలు పెట్టుకుని, బుగ్గకు ఇంత మసి రాసుకుని విసనకర్రలు అమ్మే పిల్లగా ఆమె రోజూ వనం దగ్గరకు వచ్చేది. సముద్రానికి అడ్డంగా తడిక కట్టడం ఆమెకు వింతగానే తోచింది. అయినా ఆయన చేసే పనిలో ఏదో మర్మం ఉంటుందని ఊరుకుంది. కొత్త పెళ్లికూతుళ్లకు మొగుడి పనులన్నిట్లో మర్మాలే కనిపిస్తాయి.

ఇద్దరూ ఎవరికెవరో తెలియనట్టే నటించాలి. కాబట్టి శరభుడు రోజూ ఆమె దగ్గర ఒక విసనకర్ర కొనేవాడు. ఆమె బేరమాడేది, అతను తిరిగి బేరమాడేవాడు. అక్కడే తాటిముంజలు అమ్మే నూకాలవ్వ ఆ బేరం చూసి, ఈ కూలోడికి చేతులెన్ని అని అడిగేది. లవంగిక పక్కకు తిరిగి నవ్వు ఆపుకునేది. ఒకనాడు ఆమె ముంజ ఒలిచి అతని అరచేతిలో పెట్టింది. బొటనవేలితో పొడిస్తే చల్లటి నీళ్లు చిమ్మి ఇద్దరి ముఖాల మీదా పడ్డాయి. ఆ రోజంతా శరభుడు ఒక్క తడికా సరిగా కట్టలేకపోయాడు.

పున్నమికి ముందునాటి సాయంత్రం పని పూర్తయింది. కొండల నుంచి వచ్చిన పనివాడు ఏదో చేశాడట, చూద్దామని జనం వచ్చారు. పందిరి కింద చీకటిగా, తడిగా, సువాసనగా ఉంది. అందరూ మెచ్చుకుంటూ అరుగుల మీద సర్దుకున్నారు.

కాసేపటికి మెప్పులు ఆగిపోయాయి. నుదుళ్ల మీద చెమట పుట్టింది. పుట్టిన చెమట ఎక్కడికీ పోలేదు. కనుబొమల మీదికి దిగింది, మెడల వెంట కారింది, చీరలనూ పంచెలనూ ఒంటికి అంటించింది. చల్లిన నీళ్లు ఆవిరై లేచి, పందిరికి తగిలి, మళ్లీ జనం మీదే వాలుతున్నాయి. ఎవరో "ఉస్సు" అన్నారు. ప్రవాళపురిలో ఒకరు ఉస్సురంటే పక్కవాళ్లు అనకుండా ఉండలేరు, అది ఆవులింత లాంటిది. వనం ఈ కొస నుంచి ఆ కొసకు ఉస్సులు పాకాయి. తరువాత ఒక్కొక్కరే లేచారు.

నూకాలవ్వ అందరికన్నా చివర లేచి, కొంగుతో మెడ తుడుచుకుంటూ శరభుడి ముందు ఆగింది.

"ఏటి బాబూ, మమ్మల్నందర్నీ మూకుట్లో ఎట్టి ఆవిరికుడుముల్లాగ ఉడకేసీసినావు. ఓ సెంచాడు పచ్చడి కూడా ఎడితే సరిపోను."

ఆమె వెళ్లిపోయింది. వనంలో శరభుడూ, కారుతున్న తడికలూ మిగిలారు.

లవంగిక అతన్ని వనం చివరికి పిలుచుకుపోయింది. అక్కడ, అలలు తాకే చోట, సింహం ముఖమూ ఏనుగు తొండమూ ఉన్న పెద్ద రాతి యాళి ఒకటి సముద్రం వైపు నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. దాని కాళ్ల దగ్గర రాతిగట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఆమె అతని తలగుడ్డ విప్పి అతని ముఖం తుడిచింది.

తన దేశంలో ఇంతకన్నా ఎక్కువ ఎండకు ఇదే మందని, ఇక్కడ ఎందుకు పనిచేయలేదో అర్థం కావడం లేదని శరభుడు అన్నాడు.

"ఎండకా?" లవంగిక తుడవడం ఆపింది. "నాన్నగారు ఎండ పోగొట్టమన్నారా, ఉక్క పోగొట్టమన్నారా?"

శరభుడు ఆమె చేతిలోని తలగుడ్డ లాక్కున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ముందు నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే రేపు పున్నమి అని గుర్తొచ్చి, నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీ ఊళ్లో చెమట పట్టదా?" అని మెల్లగా అడిగింది.

"పట్టేలోపే ఆరిపోతుంది."

"ఆరదనుకోండి. ఆరని చెమట పేరే ఉక్క. దానికి నీడ చాలదు, నీళ్లు అసలే పనికిరావు. గాలి కావాలి. మీరు దానికే అడ్డం కట్టారు."

"నన్ను అడగొచ్చుగా, ఎందుకు కడుతున్నావని."

"మీరు అడగొచ్చుగా, ఉక్కంటే ఏమిటని."

ఇకమీదట తెలియనిది ఏదైనా ఆ పూటే అడగాలని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. కానీ తడికలు విప్పినా లాభమేమిటి, గాలే రావడం లేదు కదా అని లవంగిక తల వంచుకుంది. రేపు ఈ వేళకు ఆయన కొండదారిలో ఉంటాడు, తను కోటలో ఉంటుంది.

శరభుడు ఆమెనే చూస్తున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి అతనికి ఆ పని ఒక వ్యసనమైంది. వనంలో ఉన్నన్నాళ్లూ, బేరమాడుతున్నప్పుడూ, నీళ్లు మోస్తున్నప్పుడూ, ఆమె నుదుటి మీది ముంగురులు చెమటకు అతుక్కుని కదలకుండా ఉండడం చూశాడు. ఇప్పుడు చెవి దగ్గర ఒక వెంట్రుక కదిలింది. మళ్లీ కదిలింది. సన్నగా లేచి, యాళి నోటి వైపు వాలి, అలాగే నిలిచింది.

అతను ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎటు తిప్పినా వెంట్రుక యాళి వైపే చూపించింది. ఇది సరసమాడే సమయమా అని లవంగిక అనబోయి, అతని కళ్లు చూసి ఊరుకుంది. ఒక ఎండుటాకు తీసి వదిలింది. ఆకు నేలమీద పడకుండా గాల్లో తేలుతూ పోయి రాతికోరల మధ్య మాయమైంది.

సముద్రపు గాలి రాకపోవడం కాదు. వచ్చిన గాలిని వచ్చినట్టే యాళి మింగేస్తోంది.

పున్నమినాడు శరభుడు తడికలన్నీ విప్పేశాడు. మనిషి ఎత్తు దాకా కిందికి వాలిన కొమ్మలు నరికి సముద్రం కనిపించేలా చేశాడు. నీడకు చెట్ల గొడుగులను మాత్రం వదిలాడు. యాళి నోరు మూసేస్తే మింగడం ఆగుతుందని ఇద్దరి ఆలోచన. గట్టి తడికలు చుట్టచుట్టి వీపుకు కట్టుకుని, పొద్దు పడమటికి దిగుతుండగా అతను యాళి కోర మీద కాలు పెట్టాడు.

అంతే, గాలి అతన్ని లాగేసింది. తడికలతో సహా, వాగులో కొట్టుకుపోయే కొమ్మలా, అతను రాతినాలుక మీద జారి చీకట్లోకి పోయాడు. వెనక యాళి దవడలు కటకటమంటూ మూసుకున్నాయి. లవంగిక పరుగెత్తి కోరలు పట్టుకుని లాగింది. అవి కదలలేదు. పళ్ల సందుల్లోంచి అతని గొంతు సన్నగా వినిపించింది.

"నేను బాగానే ఉన్నాను. నువ్వు వనానికి వెళ్లు. జనాన్ని లేవనివ్వకు."

వనంలో జనం నిండుతున్నారు. నిన్నటి ఆవిరికుడుముల కథ ఊరంతా పాకింది. ఇవాళ ఏం వింత చూపిస్తాడో అని నిన్న రానివాళ్లు కూడా వచ్చారు. భేరి మోగేలోపు ఉక్కకు ఓర్వలేక ఒక్కరు లేచినా ఆ పనివాడు ఓడినట్టేనని రాజు చాటించాడు. తరంగపాల మహారాజు సాదా ఉత్తరీయంతో వచ్చి నడిమి అరుగు మీద కూర్చున్నాడు. గాలి లేదు. అప్పుడే నుదుళ్లు మెరవడం మొదలైంది. లవంగిక కూలివాడి పాకలోకి వెళ్లి, ఇన్నాళ్లూ అతను తన దగ్గర కొన్న విసనకర్రలన్నీ ఎత్తుకొచ్చి ఊరికే పంచింది. నూకాలవ్వ పక్కన కూలబడి, తన మొగుడు వచ్చేదాకా కాసేపు ఓర్చుకోమని చేయి పట్టుకుంది. అవ్వ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. మసి కరిగి బుగ్గ బయటపడింది. అవ్వ ఏమీ అడగకుండా తన ముంజల గంప ముందుకు లాగి, ఇవాళ ముంజలు ఊరికేనని, కదలకుండా కూర్చున్నవాళ్లకేనని చాటింది.

ఇక్కడ శరభుడు జారి జారి ఒక గుహలో పడ్డాడు. నీలిరాళ్ల గోడలు, గోడల వెంట ఊటనీళ్లు, పైన పొగ పోవడానికి ఒక కన్నం. గుహ మధ్యలో హోమగుండం మండుతోంది. గుండం పక్కన పద్మాసనం వేసుకుని, బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని స్తంభకేశి కూర్చుని ఉన్నాడు. వాడి జడలు నేలమీద పాముల్లా చుట్టలు పడి ఉన్నాయి. వాడు ఊపిరి పీల్చి బిగపట్టాడు. వాడు ఊపిరి వదలనంత కాలం సముద్రపు గాలి లోపలికే వస్తుంది, బయటికి పోదు. వచ్చిన గాలంతా వాడి చుట్టూ ప్రాకారంలా గిరగిర తిరుగుతోంది. ఎండుటాకులు, నీటికాకుల ఈకలు, ఎవరిదో ఎగిరిపోయిన పట్టు ఉత్తరీయం, అన్నీ అందులో సుడి తిరుగుతున్నాయి.

శరభుడు కొమ్మలు నరికిన కత్తిని నడుం నుంచి దూసి దూకాడు. సుడిగాలి కత్తిని లాక్కుని తనలో తిప్పుకుంది. రెండోసారి కత్తి అతని తల పక్కనుంచే రివ్వున పోయింది. అతను నేలకు అతుక్కున్నాడు. రాయి విసిరితే రాయి తిరిగొచ్చింది. అరిస్తే అరుపు తిరిగొచ్చింది. మాంత్రికుడి రెప్ప కూడా కదలలేదు. ప్రాకారం లోపల, వాడు కూర్చున్న చోట మాత్రం గాలి లేదు. సుడి నడిమధ్య ఎప్పుడూ నిశ్చలంగానే ఉంటుంది కదా.

అది చూసి శరభుడికి నిన్నటి పందిరి గుర్తొచ్చింది.

పాకుతూ వెనక్కి వెళ్లి, తడికలను ఊటనీళ్లలో ముంచి, యాళి పళ్ల సందులకు అడ్డంగా బిగించాడు. గోడ పట్టుకుని పైకెక్కి పొగకన్నానికి ఇంకొకటి కట్టాడు. దోసిళ్లతో, తలగుడ్డతో, చేతికి దొరికిన కమండలంతో ఊటనీళ్లు మోసి హోమగుండం వైపు విసిరాడు. సుడిగాలి ఆ నీళ్లను లాక్కుని నిప్పుల మీద పోసింది. చుయ్యిమంటూ ఆవిరి లేచింది. బయటికి దారిలేని ఆవిరిని గాలి తిప్పి తిప్పి నడిమధ్యకే తోసింది.

గుహ మూకుడు పెట్టిన కుండ అయింది. శరభుడి ఒంటి మీద చెమట పుట్టింది, ఆరలేదు. కళ్లలోకి దిగింది, వీపున కాలువలు కట్టింది, గుడ్డ ఒంటికి అంటుకుంది, ఒళ్లు తనది కానట్టు బరువెక్కింది. ఉక్క అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసిన మరుక్షణం, తనకు తెలియకుండానే, గుండెల లోతు నుంచి "ఉస్సు" అన్నాడు.

స్తంభకేశి ముక్కు కొసన ఒక చెమట బొట్టు వేలాడుతోంది. వాడు ఎన్ని విద్యలు నేర్చినా ఆ తీరంలో పుట్టి పెరిగినవాడు. పక్కన ఒకరు ఉస్సురన్నారు. వాడి పెదవులు వణికాయి. బుగ్గలు బిగించాడు, మెడ నరాలు పొంగాయి, కళ్లు తెరిచి శరభుణ్ణి కొరకొర చూశాడు.

"ఉస్స్..."

కొండ కూలినట్టయింది. నెలన్నరగా బిగపట్టిన గాలి ఒక్కసారిగా బయటపడింది. తడికలు తునకలయ్యాయి. యాళి గర్జించింది, దవడలు తెరుచుకున్నాయి. బూడిద, నిప్పులు, ఈకలు, కత్తి, మాంత్రికుడు, అన్నీ సముద్రం మీదికి చిమ్ముకుపోయాయి. వాణ్ణి వదిలితే రేపు మళ్లీ ఊపిరి బిగపడతాడు. శరభుడు చేతికందిన జడను రెండు చుట్లు మణికట్టుకు చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు.

వనంలో అందరూ గర్జన విన్నారు. తరువాత, ఎక్కడో చివరి పొన్నచెట్టు కొసన ఒక ఆకు తల ఊపింది. దాని పక్కది ఊపింది. ఆ ఊపు చెట్టు నుంచి చెట్టుకు పాకింది, పొగడపూలు జలజల రాలాయి, ఖాళీ ఉయ్యాలలు వాటంతటవే ఊగాయి. ఉప్పువాసన వేసే చల్లటి గాలి కాళ్ల సందుల్లోంచి దూరి, మెడల చుట్టూ తిరిగి, తడిసిన వీపుల మీద చేయి వేసింది. విసనకర్రలు ఒళ్లో వాలిపోయాయి. ఒక ముసలాయన పులిజూదం గళ్ల మీద ముంజతొక్కలు పేర్చి ఆట మొదలుపెట్టాడు. మహారాజు కళ్లు మూసుకుని ముఖం పైకెత్తాడు.

లవంగిక సముద్రం వైపు చూసింది. దిగుతున్న సూర్యుడి ఎర్రటి వెలుగులో, అలలపైన చాలా దూరంగా, ఒకదానికొకటి పెనవేసుకున్న రెండు ఆకారాలు దొర్లుకుంటూ పోతున్నాయి. వాటిలో ఒకదాని భుజాన తను రోజూ చూసే తాళ్లచుట్ట ఉంది.

దీపాల భేరి ఇంకా మోగలేదు. ఎప్పుడు మోగుతుందో వాయించేవాడి చేతిలో లేదు, తొలిదీపం వెలగాలి. అప్పటిదాకా కూర్చుంటే పెళ్లి నిలుస్తుంది. కానీ పెళ్లి నిలిచి, ఆయన లేకపోతే దానితో తనేం చేసుకోవాలి?

ఆమె లేచి నిలబడింది.

నిండిన వనంలో ఒక్కతే నిలబడేసరికి అందరూ తిరిగి చూశారు. మహారాజు కళ్లు తెరిచాడు. మసి కరిగిన ముఖంలో కూతురు కనిపించింది. ఆయన రంగు మారింది. షరతు పెట్టింది ఆయనే, దాన్ని వమ్ము చేసింది ఆయన కూతురే. ఒకరు లేచారని భటుడొకడు మెల్లగా అన్నాడు.

నూకాలవ్వ కూర్చున్నచోటి నుంచే గొంతెత్తింది. "మహారాజా, నువ్వు చాటించిందేటి? ఉక్కకి ఓర్వలేక లెగకూడదన్నావు. ఈ పిల్ల ఉక్కకి లెగిసిందా? మొగుడి కోసం లెగిసింది."

వనమంతా గుసగుసలాడింది. అవును, ఉక్కెక్కడుంది అన్నారు కొందరు. మహారాజు ఆ ముసలిదాని వైపు, కూతురి వైపు, సముద్రం మీద చుక్కలవుతున్న ఆకారాల వైపు చూశాడు. భేరి మోగేదాకా ఆయన కూడా లేవడానికి వీల్లేదు. అరుగు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"నా పడవ తీయండి," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అల్లుడుగారి కోసం."

ఇన్నాళ్లుగా వినాలని కలలుగన్న మాటను లవంగిక పరుగెత్తుతూ, వెనక నుంచి విన్నది. ఆగి మురిసిపోయే తీరిక లేదు.

పడవ దగ్గరకు ఆమె చేరేసరికి నూకాలవ్వ కూడా రొప్పుతూ వచ్చింది. తనదీ మొగుడి కోసమే లేవడమని, కాకపోతే వేరేవాళ్ల మొగుడని భటుడికి చెప్పి వచ్చిందట. సముద్రం మీద పుట్టినదాన్నంటూ తెడ్డు తన చేతికిమ్మంది. పడవ అలల మీదికి ఎక్కగానే గాలి ఎదురొచ్చి కొట్టింది. ఆయన విడిపించిన గాలే, ఇప్పుడు ఆయన దగ్గరకు పోనివ్వకుండా వెనక్కి నెడుతోంది.

"ఎదురుగాలి తల్లీ. తెరచాప పనికిరాదు. సేతులు పుండ్లు పడతాయి."

"పడనీ అవ్వా. ఈ గాలి వీస్తున్నంతసేపూ ఆయన ఆ గాలిదొంగను వదల్లేదన్నమాట. వీయనీ."

వెనక ఒడ్డున దీపాల భేరి మోగింది. దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. వాటి వెలుగులో అందరికన్నా ముందు లేచి ఇసుకలోకి పరుగెత్తుకొస్తున్న తండ్రి చిన్నగా కనిపించాడు. షరతు గెలిచారు. లవంగిక అటు చూడడం మానేసి తెడ్డు వేసింది. ముందర నీళ్ల మీద ఎక్కడో ఒక పిలుపు వినిపించినట్టయింది. మనిషి గొంతో అల చప్పుడో తెలియలేదు. అరచేతులు మండుతున్నాయి. ప్రతి అలకూ పడవ రెండు బారలు ముందుకుపోయి ఒక బార వెనక్కి వస్తోంది.

ఉన్నట్టుండి తెడ్డు తేలికైంది. పడవ నున్నగా ముందుకు జారింది. అలలు వంగి, నూనె పోసినట్టు చదునయ్యాయి. నూకాలవ్వ తెడ్డు పైకెత్తి పట్టుకుని ఆగిపోయింది, ఆమె మెడ మీద చెమట పుడుతోంది.

గాలి ఆగిపోయింది.

లవంగిక అవ్వ చేతిలోని తెడ్డు కూడా అందుకుని, పిలుపు వినిపించిన వైపుకు వేసింది.